ప్లస్ ఆర్ మైనస్ మహలనోబిస్

ముందుగా ఒక నిజం ఒప్పేసుకుంటా. పోయిన సెమిస్టర్ దాకా నా దృష్టిలో మహలనోబిస్ అంటే మనిషి కాదు. పైథాన్‌లో సైపై లైబ్రరీ ఉంది కదా, అందులో ఒక ఫంక్షన్. రెండు వెక్టర్లు, ఒక మాట్రిక్స్ ఇస్తే ఒక అంకె తిరిగిస్తుంది. పైథాగరస్ లాగా గ్రీకు పేరేమో అనుకున్నా. ఆయన కలకత్తా మనిషని, మన పక్కనే ఉన్న ఒడిశా నదుల మీద ఏళ్ల తరబడి లెక్కలు కట్టాడని తెలిసింది మా మినీ ప్రాజెక్టు బోల్తా పడ్డాకే.

ప్రాజెక్టు వంశధార మీద. మాది హిరమండలం దిగువన, నది ఒడ్డునున్న ఊరు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను ఏడో తరగతి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మా వైపు గాలి కంటే నదంటేనే ఎక్కువ భయం. వంశధార పుట్టేది ఒడిశా కొండల్లో. అక్కడ పడ్డ వాన మా దగ్గరికి ఎప్పుడొస్తుంది, ఎంతొస్తుంది అని ఆ రాత్రి అందరూ ఒకరినొకరు అడగడమే తప్ప చెప్పేవాళ్లు లేరు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మా తాతయ్య టార్చిలైటు పట్టుకుని గంటకోసారి గట్టు మీదికెళ్లి నీరు ఎంత దాకా వచ్చిందో చూసొచ్చేవాడు.

అందుకే ఇంజనీరింగ్‌లో చేరాక ముగ్గురం కలిసి ఒక చిన్న వరద సిమ్యులేషన్ రాశాం. పైన ఎంత వాన పడింది, అందులో నేల ఎంత తాగింది, మిగిలింది గొట్టా బ్యారేజీకి చేరడానికి ఎన్ని గంటలు పట్టింది. అంతే మోడల్. నేల ఎంత తాగుతుందో, నీరు ఎంత వేగంగా నడుస్తుందో మనకి తెలీదు కాబట్టి అవి రెండూ పారామీటర్లు. పాత రేడియోలో స్టేషన్ దొరికేదాకా మర తిప్పినట్టు, మోడల్ గీసిన గీత పాత వరద గీత మీద కూర్చునేదాకా వాటిని తిప్పుతాం. దీన్నే కాలిబ్రేషన్ అంటారు. మా గీత బ్రహ్మాండంగా కూర్చుంది. ఆ సాయంత్రం కేంటీన్‌లో పకోడీలు కూడా తిన్నాం.

తర్వాత ఇంకో ఏడాది వరద ఇచ్చి చూస్తే మోడల్ ఎక్కడికో పోయింది. అసలు నీటికి, మా లెక్కకి పొంతనే లేదు. రివ్యూలో కూర్చున్న సారు తిట్టలేదు. మీరిచ్చిన ఈ అంకె ప్లస్ ఆర్ మైనస్ ఎంత అని మాత్రం అడిగారు. ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఆయన మా రిపోర్టు వెనకట్ట మీద మహలనోబిస్, ఒరిస్సా వరదలు అని రాసి, చదువుకు రమ్మన్నారు. ఈ వ్యాసం అలా పుట్టింది.

ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1893 జూన్ 29న కలకత్తాలో ఒక బ్రహ్మసమాజ కుటుంబంలో పుట్టాడు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చదివి 1913లో ఇంగ్లండ్ వెళ్లాడు. చేరాలనుకున్నది లండన్ యూనివర్సిటీలో. ఊరికే చూద్దామని కేంబ్రిడ్జ్ వెళ్తే తిరుగు రైలు తప్పిపోయింది. ఆ రాత్రి అక్కడే ఉండిపోయి, కింగ్స్ కాలేజీ చర్చి చూసి మనసు పడి, అక్కడే చేరిపోయాడు. మనలో చాలామందికి కౌన్సెలింగ్‌లో సీటు ఎలా వచ్చిందో గుర్తు తెచ్చుకుంటే ఇదేమంత వింత కాదు! అక్కడ మన రామానుజన్‌తో స్నేహం కుదిరింది. కలిసి నడుస్తూ లెక్కల పొడుపుకథలు విప్పుకునేవారట.

1915లో చదువు అయ్యింది. సెలవులకి ఇంటికి బయల్దేరబోతుంటే యుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. ఆ ఖాళీలో కాలేజీ ట్యూటర్ ఒకాయన బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలు చూపించాడు. స్టాటిస్టిక్స్ పత్రిక అది. మహలనోబిస్ సెట్టు మొత్తం కొనేసి ఓడలో చదువుకుంటూ వచ్చాడు. తిరిగి కేంబ్రిడ్జ్ వెళ్లి ఫిజిక్స్ పరిశోధన చెయ్యాలనే అనుకున్నాడు కానీ వెళ్లలేదు. ప్రెసిడెన్సీలో ఫిజిక్స్ పాఠాలు చెప్తూ, మిగతా టైమంతా అంకెలతో గడిపాడు. పరీక్షల మార్కులు, మనుషుల కొలతలు, వానలు... ఏ అంకెలు దొరికితే అవి.

మనుషుల కొలతల్లోంచి వచ్చిందే నా ఫంక్షన్. 1920లో నాగపూర్ సైన్స్ కాంగ్రెస్‌లో అన్నన్‌డేల్ అనే జంతుశాస్త్రవేత్త కలిసి, కలకత్తా ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు ఇచ్చి తేల్చి పెట్టమన్నాడు. రెండు గుంపులు ఒకదానికొకటి ఎంత దగ్గర అని కొలవడం ఎలా? స్కేలు పెట్టి కొలిచే దూరం ఇక్కడ పనికిరాదు. పొడుగు మనిషి బరువు ఎక్కువుంటే వింత లేదు. అదే బరువు పొట్టి మనిషికి ఉంటే ఆగి చూస్తాం. అంటే ఒక్కో కొలత మామూలుగా ఎంత అటూ ఇటూ ఊగుతుంది, ఏ కొలత ఏ కొలతతో కలిసి ఊగుతుంది, ఇవి కలుపుకుని చూస్తేనే ఏది దూరమో, ఏది దగ్గరో చెప్పగలం. ఏళ్ల తరబడి దాన్ని సానబెట్టి 1936లో జనరలైజ్డ్ డిస్టెన్స్ పేరుతో ప్రచురించాడు. ఈ దూరాన్ని గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1922లో ఆలిపూర్ వాతావరణ కేంద్రంలో ఉద్యోగం కూడా వచ్చింది. అదే ఏడు ఉత్తర బెంగాల్‌ని వరద ముంచెత్తింది. నీటిని ఆపి నిలవ పెట్టే పెద్ద పెద్ద చెరువుల లాంటివి కట్టాలని ఇంజనీర్లు ప్లాను వేశారు. ఖర్చు చాలా ఎక్కువ. ఒకసారి లెక్కలు చూసి పెట్టమని మహలనోబిస్‌ని అడిగారు. ఆయన యాభై ఏళ్ల వానలు, వరదలు పక్కపక్కన పెట్టి చూశాడు. అక్కడ కావలసింది నీరు ఆపడం కాదు, పడ్డ నీరు త్వరగా బయటికి పోయే దారి అని తేల్చాడు. ఆ చెరువులు కడితే డబ్బు దండగ తప్ప వరద తగ్గేది కాదు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఒరిస్సా కథ. 1926లో బ్రాహ్మణి నదికి పెద్ద వరద వచ్చింది. నది అడుగు మేట వేసి పైకి లేచిందని, అందుకే నీరు పొర్లుతోందని, కరకట్టలు ఇంకొన్ని అడుగులు ఎత్తు చెయ్యాలని నిపుణుల కమిటీ చెప్పింది. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. కళ్లెదుట గట్టు మీద నుంచి నీరు దూకుతోంది కాబట్టి తప్పు గట్టుదో, అడుగుదో అయ్యుండాలి అనిపిస్తుంది. మహలనోబిస్ దాదాపు 60 ఏళ్ల రికార్డులు తిరగేశాడు. అడుగు లేచిందనడానికి వాటిలో ఆధారం దొరకలేదు. దొరికిందేంటంటే, ఎగువన కొండల్లో ఆ ఏడు మామూలు కంటే చాలా ఎక్కువ వాన పడింది. కాబట్టి కరకట్టలు కాదు, ఎగువన ఆనకట్టలు కావాలన్నాడు. వరదనీ ఆపొచ్చు, కరెంటూ తియ్యొచ్చు. మహానది మీద ఆయన కట్టిన తొలి లెక్కలు తర్వాత హీరాకుడ్ ఆనకట్టకి దారి చూపించాయి. అది 1957లో ప్రారంభమైంది.

ఇది చదివాక మా మోడల్‌కి ఏం రోగమో అర్థమైంది. మా దగ్గర ఎగువ ఒడిశా కొండల వాన సరిగ్గా లేదు. పరీవాహక ప్రాంతమంతా ఒకేలా వాన పడిందని కోడ్‌లో ఒక్క లైను రాసేసి మర్చిపోయాం. నిజంగా కొండల మీద ఎక్కువ పడుంటే ఆ తేడా ఎక్కడో సర్దుకోవాలిగా? నేల ఎంత తాగింది అనే పారామీటర్ ఆ తప్పుని మింగేసింది. గీత కలిసింది, కానీ తప్పు కారణంతో కలిసింది. ఒరిస్సాలో కమిటీ నది అడుగుని తప్పు పట్టినట్టు మేము నేలని తప్పు పట్టాం. కమిటీ సభ్యులు పెద్దవాళ్లు కాబట్టి గట్లు ఎత్తు చెయ్యమన్నారు, మేము చిన్నవాళ్లం కాబట్టి పకోడీలు తిన్నాం, అదొక్కటే తేడా.

1931 డిసెంబర్ 17న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. హెల్మెట్ మీదుండే ఐఎస్ఐ వేరు, ఈ ఐఎస్ఐ వేరు. మొదట్లో అది ప్రెసిడెన్సీ కాలేజీలో ఆయన గదే. లెక్కలు కట్టడానికి కొందరిని ఉద్యోగానికి పెట్టుకున్నారు. వాళ్లని కంప్యూటర్లు అనేవారు. అవును, అప్పట్లో కంప్యూటర్ అంటే మనిషే.

1937 నుంచి జనపనార సర్వే. విజయనగరం వైపు వాళ్లకి నెల్లిమర్ల జ్యూట్ మిల్లు తెలుసు కదా, ఆ నారే. బెంగాల్ మొత్తంలో ఎన్ని ఎకరాల్లో పంట వేశారో ప్రతి పొలం తిరిగి లెక్కపెట్టడం కంటే, లాటరీ తీసినట్టు కొన్ని పొలాలు ఎంచి చూస్తే తక్కువ ఖర్చులో మంచి అంచనా వస్తుందని ఆయన వాదన. మరి ఆ అంచనాని నమ్మేదెలా? ఆయన వేసిన ఉపాయం నాకు భలే నచ్చింది. శాంపిల్‌ని రెండు విడి భాగాలు చేసి, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు జట్లకి ఇచ్చేవాడు. ఇద్దరూ అదే ప్రాంతం, అదే పంట. వచ్చిన రెండు జవాబుల మధ్య తేడానే మన అజ్ఞానానికి కొలత. పుస్తకంలో ఫార్ములా శాంపిల్ వల్ల వచ్చే ఎర్రర్ ఒక్కటే చెప్తుంది. ఈ పద్ధతిలో ఎండకి విసిగిపోయి చెట్టు కింద కూర్చుని అంకెలు రాసేసిన వాడి ఎర్రర్ కూడా బయటపడుతుంది. మన ల్యాబ్ రికార్డులకి ఈ పద్ధతి పెట్టకపోవడం మన అదృష్టం!

కానీ ఈ ఉపాయానికి కూడా చిక్కని తప్పు ఒకటుంది. దిగుబడి అంచనాకి పొలంలో చిన్న ముక్క కొలిచి, అందులో పంట కోసి తూకం వేస్తారు. ముక్క అంచు మీద సరిగ్గా ఒక మొక్క నిలబడి ఉంటే అది లోపలా, బయటా? కోసేవాడి చెయ్యి లోపలికే లాగుతుంది. ముక్క ఎంత చిన్నదైతే అందులో అంచు వాటా అంత ఎక్కువ, కాబట్టి దిగుబడి అంత ఎక్కువగా కనిపిస్తుంది. రెండు జట్లదీ అదే చెయ్యి, కాబట్టి రెండు జవాబులూ చక్కగా కలుస్తాయి, రెండూ తప్పే. పదివేల ముక్కలు కోసినా ఆ తప్పు పోదు. మహలనోబిస్ రకరకాల సైజుల ముక్కలు కోయించి ఈ సంగతి పట్టుకున్నాడు. ఊగిసలాట ఒక రకం తప్పు, ఒకే పక్కకి ఒరిగిపోవడం ఇంకో రకం. డేటా పెంచితే మొదటిది తగ్గుతుంది, రెండోదానికి అసలు పద్ధతే మార్చాలి. ఇది బెంగాల్ కరువు నాటి కాలం, గుర్తుంచుకోండి. 1943 తర్వాత ఊళ్లలో కరువు ఏం చేసిందో ఐఎస్ఐ వాళ్లే ఇంటింటి సర్వే చేశారు. అంకె తప్పితే ఏమవుతుందో వాళ్లకి పుస్తకాల్లో చదవాల్సిన పని లేకపోయింది.

ఆ రోజుల్లోనే, 1941లో, మనవాడొకాయన అక్కడ చేరాడు. విశాఖలో మిసెస్ ఏవీఎన్ కాలేజీలో, తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లిన సి.ఆర్.రావు. 1945లో ఆయన ఒక పేపర్ రాశాడు. డేటా ఇంత ఉంటే, నువ్వెంత తెలివైన పద్ధతి వాడినా నీ అనిశ్చితి ఇంతకంటే తగ్గదు అని ఒక అడుగుగీత గీసింది అది. క్రామర్-రావు బౌండ్ అని మన ప్రాబబిలిటీ సిలబస్‌లో కనిపిస్తుంది. విశాఖ బీచ్‌లో తిరిగిన కుర్రాడి పేరు పక్కన ప్రపంచం మొత్తం ఒక హద్దు రాసుకుందంటే నాకైతే ఛాతీ కొంచెం ఉబ్బింది.

స్వాతంత్ర్యం వచ్చాక మహలనోబిస్ ఢిల్లీలో పెద్ద మనిషి అయ్యాడు. 1950లో నేషనల్ శాంపిల్ సర్వే. మన సీఎస్ఈ వాళ్లం తలుచుకోవలసిన ఇంకో సంగతి, 1956లో ఇంగ్లండ్ నుంచి హెచ్ఈసీ-2ఎం అనే యంత్రం తెప్పించి ఐఎస్ఐలో పెట్టించాడు. మన దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటర్ అదే అంటారు. తర్వాత సోవియట్ యూనియన్ నుంచి ఉరాల్ వచ్చింది.

ఇక్కడిదాకా కథ నాకు హీరో సినిమాలా నడిచింది. 1956లో మొదలైన రెండో పంచవర్ష ప్రణాళిక దగ్గర ఆగిపోయా. దాని వెనక ఉన్నది ఆయన మోడలే. దేశ ఆర్థిక వ్యవస్థని మొదట రెండు భాగాలుగా, తర్వాత నాలుగు భాగాలుగా రాసి, పెట్టుబడిలో ఎంత వాటా యంత్రాలు తయారుచేసే భారీ పరిశ్రమలకి పెడితే ఆదాయం, ఉద్యోగాలు ఎంత పెరుగుతాయో లెక్కకట్టాడు. ఆ వాటాని మూడో వంతుగా తీసుకున్నాడు. మిగతా పారామీటర్లు చేతికందిన కొద్దిపాటి అంకెల నుంచి. మోడల్‌లో విదేశీ వ్యాపారం అనేదే లేదు. దేశం చుట్టూ గోడ ఉన్నట్టు లెక్క. నిజంలో భారీ పరిశ్రమలు కట్టాలంటే బయటి నుంచి యంత్రాలు కొనాలి, వాటికి విదేశీ డబ్బు కావాలి. 1957కల్లా ఆ డబ్బుకే కటకటయింది. దానికి కారణాలు ఇంకా ఉన్నాయి, ఒక్క మోడల్ మీద తోసెయ్యడం న్యాయం కాదు. ప్లాను తయారవుతున్నప్పుడే బి.ఆర్.షెనాయ్ అనే ఆర్థికవేత్త ఒప్పుకోనని వేరుగా రాసిచ్చాడు కూడా.

నాకు అర్థం కానిది ఇదే. పొలం అంచు మీద మొక్కని పట్టుకున్న కళ్లు, మోడల్ అంచు బయట ఉండిపోయిన ఓడరేవుల్ని ఎలా వదిలేశాయి? నా ఊహ చెప్తా, తప్పైతే దిద్దండి. జనపనార లెక్క తప్పైతే మరుసటి ఏడు వ్యాపారుల లెక్కతో పోల్చుకోవచ్చు, ఇంకో జట్టుని పంపించొచ్చు. దేశం ఒక్కటే, ప్లాను ఒక్కసారే. రెండో జట్టు లేదు. ఆయనకి తన మోడల్ మీద గుడ్డి నమ్మకం ఉందని కూడా అనలేను. ఇల్లు లేచాక విప్పేసే పరంజాలాంటిదే మోడల్ అని ఆయన ఉద్దేశం. కాకపోతే పరంజా మీద నిలబడి పని చేస్తున్నప్పుడు అది ఎంత ఊగుతోందో కూడా రాసిపెట్టి ఉంటే బాగుండేది అనిపిస్తుంది. ఆయన దగ్గరే నేర్చుకున్న మాట ఆయనకే అప్పజెప్తున్నా.

ఈ లోటుని సమీకరణంలో పెట్టింది చాలా తర్వాత. 2001లో ఇంగ్లండ్‌లో కెన్నడీ, ఓహేగన్ అనే ఇద్దరు స్టాటిస్టీషియన్లు కంప్యూటర్ మోడళ్ల కాలిబ్రేషన్ మీద ఒక పేపర్ రాశారు. మనం చూసిన అంకె అంటే మోడల్ చెప్పింది, ప్లస్ మోడల్‌కి అసలు తెలియనిది, ప్లస్ కొలతలో తప్పు. మధ్యలో ఉన్న ఆ ముక్కకి చోటు ఇవ్వకపోతే పారామీటర్లు దాన్ని మింగేసి, పైగా మహా ధీమాగా జవాబు చెప్తాయి. అచ్చం మా నేల పారామీటర్ లాగా. చోటు ఇచ్చినా తలనొప్పి పూర్తిగా పోదు. తప్పు పారామీటర్‌దా, మోడల్‌దా అన్నది డేటా ఒక్కటే విడదీసి చెప్పలేదు. ఎగువన కొండలున్నాయని, అక్కడ వాన వేరుగా పడుతుందని తెలిసిన మనిషి ఎవరో ఒకరు చెప్పాలి.

మహలనోబిస్ 1972 జూన్ 28న పోయాడు. ఇంకొక్క రోజుంటే 79 నిండేవి. 2007 నుంచి ఆయన పుట్టినరోజు జూన్ 29ని దేశమంతా స్టాటిస్టిక్స్ డేగా జరుపుతున్నారు.

మేము ప్రాజెక్టు మళ్లీ చేశాం. ఒక్క మంచి సెట్టింగ్ కోసం మరలు తిప్పడం మానేశాం. కొన్ని వేల సెట్టింగులతో మోడల్ నడిపి, కొలతలో తప్పు ఇంత ఉండొచ్చు, మోడల్‌కి తెలియనిది ఇంత ఉండొచ్చు అని ముందే చోటు వదిలి, దానికి కూడా అందనంత దూరంలో పడ్డవాటిని తీసేశాం. పద్ధతి పేరు హిస్టరీ మ్యాచింగ్. ఎంత దూరం అయితే తీసెయ్యాలి అన్నది కొలవడానికి వాడింది ఏంటో చెప్పుకోండి చూద్దాం. సైపైలో అదే ఫంక్షన్. ఈసారి టైప్ చేస్తుంటే నోట్లో ఆ పేరు వేరేలా పలికింది.

మిగిలిన సెట్టింగులన్నీ కలిపి గీస్తే గీత బదులు వెడల్పాటి పట్టీ వచ్చింది. ఎంత వెడల్పంటే, ఇది వంశధారా, నేషనల్ హైవేనా అని మా టీమ్‌లో అమ్మాయి నవ్వింది. పట్టీ కింది అంచు నిజమైతే మా ఊళ్లోకి నీరు రాదు. పై అంచు నిజమైతే మా పశువుల శాల మునుగుతుంది. దసరాకి ఇంటికెళ్లినప్పుడు లాప్‌టాప్ తెరిచి తాతయ్యకి చూపించా. నడిమధ్య గీత ఎక్కడుందో ఆయన అడగలేదు. పై అంచు మీద వేలు పెట్టి, ఇది ఎంత ఎత్తు అవుతుందిరా బాబూ అని మూరల్లో చెప్పించుకున్నాడు. తర్వాత లేచెళ్లి, ఈసారి గడ్డివాము ఎక్కడ వెయ్యాలా అని పెరడంతా కలయదిరగడం మొదలెట్టాడు.